పక్కింటి టికెట్

ఎండల 114వ రోజు

హెల్ప్‌డెస్క్ కుర్చీలో కూర్చున్నవాళ్ళు రోజుపుస్తకం రాయాలని చల్లబిలం పంచాయతీ రూలు. నాకు ముందు ఈ కుర్చీలో ఉన్నాయన పదకొండేళ్ళు "అంతా మామూలే" అని ఒకటే ముక్క రాసి పోయాడు. నా నోరే ఊరుకోదు, చెయ్యి ఎలా ఊరుకుంటుంది? జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఈ రోజు పైన యాభై ఆరు డిగ్రీలు. నేల కింద మా సందుల్లో ఇరవై ఎనిమిది. ఫిర్యాదుల టికెట్లు పంతొమ్మిది. వాటిలో ఎనిమిది చలిగొట్టాల గురించి. ప్రతి ఇంటికీ అడుగున ఉన్న ఏటి మీదినుంచి చల్లగాలి తెచ్చే గొట్టం ఒకటి ఉంటుంది. దాని మూతికున్న జల్లెడలో సున్నపుపొడి పేరుకుంటే గాలి ఆగుతుంది, మెల్లగా గోడలు వేడెక్కుతాయి. నాలుగు రోజులు పట్టించుకోకపోతే ఆ గది మనుషులుండే గది కాదు.

పొద్దున్నే గొట్టాల మేస్త్రీ దస్తగిరన్న నా బల్ల మీద కాగితం పడేశాడు.

"ఏం పాపా, ఆరో సందులో అరవై ఎనిమిదో ఇల్లంట. సందులో ఉండేటివే నలభై. మిగతా ఇరవై ఎనిమిదీ నువ్వు కట్టిస్తావా?"

"నన్నంటావేందన్నా? జనం వేళ్ళు ఎక్కడ తగిలితే అదే నంబరు."

"వాళ్ళ వేళ్ళకి నా మోకాళ్ళు అరిగిపోతాండాయి. ఏదో ఒకటి చెయ్యి."

చెయ్యకేం? మా హెల్ప్‌డెస్క్ నడిచేది మొరపెట్టె అనే సాఫ్ట్‌వేర్ మీద. అది ఎవరి సొత్తూ కాదు, కోడ్ అందరికీ తెరిచే ఉంటుంది. ఏ ఊరికి కావాల్సిన ప్యాకేజీ ఆ ఊరు రాసుకుని దానికి తగిలించుకుంటుంది, మిగతా ఊళ్ళకూ పంచుతుంది. బిలాల్లో ఉండే మేమూ, సముద్రం మీద తేలే ఊళ్ళ వాళ్ళూ అందరం అదే వాడతాం. ఇప్పటికి పద్నాలుగు ప్యాకేజీలు తగిలించాను. చూపు లేనివాళ్ళకు టికెట్‌ను చదివి వినిపించేది ఒకటి, సందుల వారీగా పనిని పంచేది ఒకటి. అన్నీ పని చేస్తున్నాయి. చెప్పుకోకూడదుగానీ చుట్టుపక్కల బిలాల్లో ఇంత ముచ్చటైన హెల్ప్‌డెస్క్ లేదు.

సాయంత్రానికి పదిహేనోది దొరికింది. సముద్రం మీద తేలే తెప్పలపాలెంలో వరాహాలు అనే అతను రాశాడు. "తప్పు ఇంటి నంబర్లను తనే సరిచేస్తుంది" అని పైన ఒక వాక్యం. ఇంకేం కావాలి? పది ఉత్తుత్తి టికెట్లు తప్పు నంబర్లతో నా ఇంటి నుంచి పెట్టి చూశాను. పదికి పదీ సరిగ్గా వచ్చాయి. తగిలించేశాను.

ఎండల 116వ రోజు

రెండు రోజులుగా తప్పు చిరునామా ఒక్కటీ లేదు. దస్తగిరన్న మరమరాల ఉగ్గాని పొట్లం తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆ మనిషి మెచ్చుకోవడమంటే అదే. నేను సగం తిన్నాక ఇంకో సగం అతనే తిన్నాడనుకోండి.

కానీ ఈ రోజు మనసు బాగా లేదు. మా పక్కింటి హుసేనక్కను పై నుంచి మోసుకొచ్చారు. పైన సౌరఫలకాలు తుడిచే పని ఆమెది. ఎండ అంగీ భుజం దగ్గర చిరిగితే చూసుకోలేదట, పావుగంటలో పడిపోయింది. పెళ్ళీ గిళ్ళీ వద్దనుకుని ఒంటరిగా బతికే మనిషి. పొద్దున్నే టీ పెట్టుకుంటూ ఒకటే పాట పాడుతుంది, ఒక్క చరణమూ శ్రుతిలో ఉండదు. గోడ ఇవతల నుంచి నేను తిడతాను, ఆవిడ గొంతు ఇంకా పెంచుతుంది. ఇరవై ఏళ్ళుగా ఇదే మా సుప్రభాతం.

గౌసియా డాక్టరమ్మ ఇంటికి పంపుతూ నాకే చెప్పింది. "నలభై రోజులు ముప్పై డిగ్రీలు దాటిన చోట ఉండగూడదు సుంకులూ. ఇంగోసారి దెబ్బ తగిలిందంటే మనిషి దక్కదు. నువ్వు పక్కనుండావు గాబట్టే ఇంటికి పంపిస్తాండా."

ఎండల 118వ రోజు

సాయంత్రం హుసేనక్కకు గంజి తీసుకెళ్ళాను. గడపలోనే తేడా తెలిసింది. గోడ మీదున్న ఉష్ణమాపి ముప్పై రెండు చూపిస్తోంది. ఆవిడ కొంగుతో మెడ తుడుచుకుంటోంది.

"అక్కా, ఉక్కగా లేదూ?"

"యాడుందే? చల్లగానే ఉండాది. నువ్వు పొయ్యి కాడ్నించి లేచొచ్చినావు, నీ ఒంట్లోది ఆ వేడి."

ఇంకేం మాట్లాడతాం? మా ఊళ్ళో తన ఇంటి గొట్టం గురించి తనే టికెట్ పెట్టేవాళ్ళు లేరు. మొదట్లో, ఊరికి చల్లగాలి చాలని రోజుల్లో, నాకు కావాలి అని అడిగితే పక్కవాడి ఊపిరి లాక్కున్నట్టుండేది. అందుకని ఎవరి ఇంటి కష్టాన్ని వాళ్ళ పక్కింటివాళ్ళు చెప్పడం అలవాటైంది. ఇప్పుడు గాలికి కరువు లేదు, అలవాటు మాత్రం ఒంట్లో ఇంకిపోయింది. మేస్త్రీలు కూడా ఎవరి కంటా పడకుండా వెనక సందులోంచి వచ్చి, అక్కడున్న గొట్టం మూతి చూసి, చూసినట్టు సున్నం గీత గీసి పోతారు. టికెట్ పెట్టినవాళ్ళు మూడు రోజులపాటు ఆ ఇంటి గడప తొక్కరు. తొక్కితే నా వల్లే బాగైందని చెప్పించుకోవడానికి వెళ్ళినట్టుంటుంది.

ఇంటికొచ్చి టికెట్ పెట్టాను. ఆరో సందు, పద్నాలుగో ఇల్లు, చలిగొట్టం, రోగి ఉంది, తొందర. నాది పదిహేను.

ఎండల 119వ రోజు

మధ్యాహ్నం మెసేజ్ వచ్చింది: "సరిచేశాం." హమ్మయ్య.

ఎండల 121వ రోజు

ఈ రోజు ఒక వింత. మొన్న టికెట్ పెట్టిన ఐదుగురు మళ్ళీ అదే టికెట్ పెట్టారు. నిన్న ఇద్దరు. దస్తగిరన్నను అడిగాను.

"నేనూ అదే చెప్దామని వస్తి. పోయిన ప్రతి ఇంట్లోనూ గొట్టం బ్రహ్మాండంగా ఉండాది పాపా. జల్లెడ తీసి దులిపితే దుమ్ము గూడా రాలదు. 'బాగుంది' అని గీత గీసి వస్తాండాం. మనోళ్ళకి సుఖం ఎక్కువైపోయినట్టుండాది."

"అవునన్నా. ఒక డిగ్రీ పెరిగితే చాలు, ప్రాణం పోతున్నట్టు చేస్తారు."

ఈ మాట నేనే అన్నాను. దాచుకోవడం ఎందుకు, పుస్తకంలో ఉండనీ.

హుసేనక్క పాట వినపడి రెండు రోజులైంది. చల్లబడిన ఇంట్లో హాయిగా నిద్రపోతోందనుకున్నాను. రేపటితో మూడు రోజులు పూర్తవుతాయి, ఎల్లుండి పొద్దున్నే పోయి చూడాలి.

ఎండల 122వ రోజు

జరిగింది ఇప్పుడే రాస్తాను.

పొద్దున్న తొమ్మిదింటికి చెత్తబుట్ట పెట్టడానికి వెనక సందులోకి వెళ్ళాను. నా గొట్టం మూతి పక్కన తెల్లటి సున్నం గీత ఉంది. ఒళ్ళు మండిపోయింది. నా ఇంటికి టికెట్ పెట్టింది ఎవరు? నా ఇంట్లో ఉక్కపోస్తోందని వాళ్ళకెవరు చెప్పారు? నాకు నామోషీ తేవడానికే అనుకుని, ఆ పెద్దమనిషి పేరు చూద్దామని అక్కడే ఫోను తీసి టికెట్ తెరిచాను.

పెట్టింది సుంకులమ్మ, ఆరో సందు, పదిహేను. నేనే.

ఇంటి నంబరు దగ్గర పద్నాలుగు లేదు. పదిహేను ఉంది. దాని కింద చిన్న అక్షరాలతో: "పంపినవారి ఇంటికీ రాసిన ఇంటికీ పొంతన లేదు. సరిచేయబడింది."

తెప్పలపాలెంలో తన ఇంటి కష్టం తనే చెప్పుకుంటారు. పక్కింటి నంబరు ఉందంటే అది వాళ్ళకు వేలు జారిన తప్పే. ఇక్కడ అదే ఒప్పు. నేనేమో పది ఉత్తుత్తి టికెట్లూ నా ఇంటి నుంచి నా ఇంటికే పెట్టి పరీక్షించాను. చల్లబిలంలో పుట్టి పెరిగినవాళ్ళు ఒక్కరూ చెయ్యని పని అది, నేను పదిసార్లు చేసి భేష్ అనుకున్నాను.

పక్క గొట్టం చూశాను, పద్నాలుగుది. గీత లేదు. జల్లెడ మీద సున్నం గట్టిగా పేరుకుపోయి ఉంది. చెయ్యి పెడితే గాలి పిసరంతైనా తగల్లేదు.

ఎలా పరుగెత్తానో తెలియదు. మా తలుపులకు గడియలుండవు, అదే బతికించింది. లోపల ముప్పై తొమ్మిది. హుసేనక్క నేల మీద బోర్లా పడుకుని చెంప రాతికి ఆనించి ఉంది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. పిలిస్తే ఏదో గొణిగింది. చాప మీదికి దొర్లించి, చాప పట్టుకుని ఈడ్చుకుంటూ నా ఇంట్లోకి తెచ్చి నా గొట్టం ఎదురుగా పడుకోబెట్టాను. చీరలు తడిపి కప్పాను. డాక్టరమ్మకు ఫోను చేశాను, దస్తగిరన్నకు చేశాను. ఏం మాట్లాడానో గుర్తు లేదు. ఏడుస్తూ తిట్టానట.

డాక్టరమ్మ వచ్చి సెలైన్ పెట్టింది. నాడి పట్టుకుని కూర్చుంది. నేను విసురుతూనే ఉన్నాను. ఇరవై ఏళ్ళ నుంచి ఈ మనిషి పాటను తిడుతున్నాను, ఒక్కసారి పాడవే తల్లీ, శ్రుతి లేకపోతే పీడా పోయె అని లోపల్లోపలే మొక్కుకున్నాను. పదకొండు దాటాక డాక్టరమ్మ ఆవిడ నుదుటి మీద వేలు పెట్టి నాకు చూపించింది. తడి.

"చెమట పట్టింది. ఇంగ భయం లేదు సుంకులూ. విసనకర్ర కింద పెట్టు, నీ చెయ్యి పడిపోతాది."

అప్పుడు ఏడ్చాను, సిగ్గు లేకుండా, వెక్కి వెక్కి.

హుసేనక్క కళ్ళు తెరిచి నన్ను చూసి, తన ఒంటిమీదున్న నా పెళ్ళి చీరను చూసి, అన్న మొదటి మాట ఇది: "మూడు దినాలు కాకముందే నా గడప తొక్కినావా, సిగ్గులేనిదానా."

"చచ్చేదానివి అక్కా! గోడ తడితే నీ సొమ్మేం పోయేది?"

"సరిచేసినామని నీకు మెసేజి వచ్చి ఉంటాది గదా. నేను ఇంగా వేడే అంటే, నువ్వు తగిలించిన ఆ పదిహేనో ప్యాకేజీ పనికిరాలేదని ఊరంతా అంటాది. ఎంత సంబరంగా చెప్పినావు దాని గురించి. నాకు నోరు రాలేదే."

ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

అదే రోజు, సాయంత్రం

ఆ ప్యాకేజీని పీకేశాను. కానీ ఈ ఎనిమిది రోజుల్లో అది సరిచేసిన టికెట్లు అరవై ఒకటి. జనం మొదట రాసిన నంబర్లను అది దాచలేదు, చెరిపేసింది. అంటే హుసేనక్కది పోగా అరవై ఇళ్ళలో ఎవరు ఉడుకుతున్నారో నాకు తెలియదు. టికెట్ పెట్టినవాళ్ళ ఎడమ పక్కో, కుడి పక్కో. వాళ్ళను అడిగితే చెప్తారు, సగం మంది మాత్రం పుట్టగొడుగుల తోటల్లో పనిలో ఉన్నారు, అక్కడికి ఫోన్లు తీసుకుపోరు. అప్పటికి పైన మిట్టమధ్యాహ్నం, ఎండ మండిపోతోంది.

దస్తగిరన్న తల పట్టుకున్నాడు. "నూట ఇరవై ఇండ్లు. నాకుండేది ఆరు మంది. ఎట్ల పాపా?"

పంచాయతీ మైకు దగ్గరికి వెళ్ళాను. అన్ని సందుల్లోనూ వినిపించే మైకు అది, పెళ్ళి పిలుపులకూ చావు కబుర్లకూ తప్ప వాడరు. ముందు నా తప్పు చెప్పాను. ప్యాకేజీ పేరు, దాన్ని నేను చదవకుండా తగిలించడం, అంతా. తర్వాత ఇలా అన్నాను:

"ఇంట్లో ఉన్నవాళ్ళందరూ ఇప్పుడే లేచి మీ ఇంటికి అటూ ఇటూ ఉన్న ఇళ్ళల్లోకి వెళ్ళండి. వేడిగా ఉందా అని అడగొద్దు. అడిగితే మనవాళ్ళెవరూ ఉందని చెప్పరు. గోడ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే లోపలున్నవాళ్ళను మీ ఇంటికి తెచ్చుకోండి. వాళ్ళు ఏమన్నా వినొద్దు. మూడు రోజుల లెక్క ఈ ఒక్కరోజుకు లేదు."

మైకు కింద పెట్టేలోగా సందుల్లో తలుపుల చప్పుళ్ళు మొదలయ్యాయి. ఎవరో "నాకేం కాలేదప్పా, వదలండి" అని అరుస్తున్నారు, ఇంకెవరో "నోర్మూసుకుని రా మామా" అంటున్నారు. అంత అందమైన గోల నేను ఎప్పుడూ వినలేదు.

నాలుగింటికి లెక్క తేలింది. నలభై ఏడు ఇళ్ళు వేడెక్కాయి. ఇద్దరికి కళ్ళు తిరిగాయి, ఒకాయనకు వాంతులు. అందరూ పక్కింటి చల్లగాలిలో ఉన్నారు, అందరూ బాగున్నారు. ఒక్కరూ పోలేదు. ఈ వాక్యం ఇంకోసారి రాసుకుంటాను: ఒక్కరూ పోలేదు.

ఎండల 124వ రోజు

నలభై ఏడు గొట్టాలూ బాగయ్యాయి. పంచాయతీ పెద్దలు నన్ను పిలిచారు. కుర్చీ పోతుందనుకునే వెళ్ళాను. "తగిలించినదానివి నువ్వే, తగిలించకూడనిది ఏదో ఇప్పుడు నీకే బాగా తెలుసు, పోయి పని చూసుకో" అన్నారు. దస్తగిరన్న బయట నిలబడి ఉన్నాడు. "నాదీ తప్పే. బాగుండే గొట్టానికి గీత గీసి వస్తి గానీ, బాగుండేదానికి టికెట్ ఎందుకొచ్చిందని అడగకపోతి" అన్నాడు.

రెండు రోజులుగా సొంతంగా ప్యాకేజీ రాస్తున్నాను. పేరు పక్కిల్లు. పెద్ద విద్యేం కాదు. టికెట్‌లో పెట్టినవాళ్ళ ఇల్లు వేరుగా, కష్టమున్న ఇల్లు వేరుగా ఉంటాయి. లేని నంబరు రాస్తే ఆ సందులో ఉన్న ఇళ్ళను చూపించి అడుగుతుందే తప్ప తనంతట తాను దేన్నీ మార్చదు, చెరపదు. ఇంకొకటి కూడా పెట్టాను, దానికే చాలాసేపు పట్టింది. మేస్త్రీ సరిచేశామన్నా టికెట్ మూతపడదు, నేను మూసినా పడదు. ఆ ఇంటి మనిషి ఇంట్లో నుంచే తన ఫోనులో "చల్లబడింది" అని నొక్కితేనే పడుతుంది. ఎవరు నొక్కారో, ఎవరు నొక్కలేదో బయటికి కనపడదు. తన కష్టం తను చెప్పుకోలేని మనిషి, తీరలేదన్న మాటైనా నోరు తెరవకుండా చెప్పగలగాలి.

ఈసారి ఉత్తుత్తి టికెట్లు లేవు. హుసేనక్క నా మంచం మీద పడుకునే పదకొండు టికెట్లు పెట్టింది, అన్నీ దస్తగిరన్న ఇంటి మీదే. ఒకదాంట్లో "మేస్త్రీ మీసం వంకర" అని రాసింది.

ఎండల 126వ రోజు

పక్కిల్లును అన్ని ఊళ్ళకూ విడుదల చేశాను. పైన మొదటి వాక్యమే ఇది: "ఎవరి కష్టం వాళ్ళే చెప్పుకునే ఊళ్ళకు ఇది అక్కర్లేదు. తగిలించే ముందు మీ ఊరు ఎలాంటిదో చూసుకోండి." జరిగింది కూడా దాచకుండా కింద రాశాను.

సాయంత్రానికి తెప్పలపాలెం వరాహాలు నుంచి ఉత్తరం. "అక్కా, చదివి నా గుండె ఆగిపోయిందండి. మా ఊళ్ళో ఒకడికి కష్టం వస్తే ఊరంతా వినపడేలా అరుస్తాడండి, పక్కోడి గురించి అరిచే ఊరు ఉంటుందని కలలో కూడా అనుకోలేదు. మీ అక్క బాగున్నారా? ముందు అది చెప్పండి. నా ప్యాకేజీలో పాత నంబరు చెరపకుండా ఈ పూటే మార్చేశాను. మీ పక్కిల్లు కూడా తగిలించుకున్నానండి. మా ఊళ్ళోనూ అరవలేనివాళ్ళు ఉంటారు కదా, ఇన్నాళ్ళూ నేనే వినలేదు."

బాగుంది, గంజి వద్దని కారం దోసె అడుగుతోంది అని జవాబిచ్చాను. మనిషి మంచివాడు. అతన్ని నాలుగు రోజులుగా మనసులో తిట్టినవన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

ఎండల 127వ రోజు

హుసేనక్క పొద్దున తన ఇంటికి వెళ్ళిపోయింది. ఇరవై ఏడు డిగ్రీలు, నేనే గోడ తడిమి చూసి వచ్చాను. నా ఇల్లు బోసిపోయింది. ఆఫీసుకు వచ్చి పదహారో ప్యాకేజీ మొదలుపెట్టాను. పదకొండింటికి తెర మీద కొత్త టికెట్ వచ్చింది. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తున్నాను.

టికెట్ 4418. కష్టం ఎవరింట్లో: ఆరో సందు, పదిహేను. ఏం చెడింది: మనిషి. వివరం: "మా పక్కింటి సుంకులు ఐదు దినాలుగా నిద్రపోలేదు. నన్ను మంచం మీద పండబెట్టి అది కుర్చీలోనే కూర్చుంటాండాది. కండ్లు మూస్తే నేను చచ్చిపోయినట్టు కలొస్తాదని దస్తగిరితో చెప్పిందంట, నాకు చెప్పలేదు. తనంతట తాను అడగదు. తొందరగా సరిచెయ్యండి."

చదివి లేచేలోగా దస్తగిరన్న గుమ్మంలో ఉన్నాడు. చేతిలో ఉగ్గాని పొట్లం, ఈసారి రెండు.

"లెయ్ పాపా. టికెట్ వచ్చినాక వదిలే మనిషిని కాదు నేను."

"ఉత్త తమాషా అన్నా అది. మూసేస్తానుండు."

"మూస్తావా? ఎట్ల మూస్తావో సూస్తా."

మూయబోయాను. పడలేదు. ఆ ఇంటి మనిషి ఇంటి నుంచే నొక్కాలని తెర మీద వచ్చింది. దాన్ని రాసింది నేనే. దస్తగిరన్న పగలబడి నవ్వాడు, నాకూ నవ్వొచ్చింది, నవ్వుతూ నవ్వుతూ ఏడుపొచ్చింది. అతను తెర ఆర్పేసి, నన్ను మా సందు మొదలు దాకా దిగబెట్టి వెళ్ళాడు.

ఎండల 128వ రోజు

ఇంటికి పోయి తలుపు వేసి చాప మీద వాలానంతే. మధ్యాహ్నం పడుకున్నదాన్ని ఈ పొద్దున లేచాను. కలలేమీ రాలేదు. నన్ను లేపింది గోడ అవతల నుంచి పాట. అదే పాట, అదే చరణం, శ్రుతి ఛాయలకు కూడా పోలేదు. గోడ మీద గుద్ది "ఆపవే తల్లీ, చెవులు చిల్లులు పడుతున్నాయి" అని అరిచాను. ఆవిడ గొంతు పెంచింది.

ఫోను తీసి 4418 దగ్గర "చల్లబడింది" అని నొక్కాను.